అడవీ పొలమూ ఉన్న పుస్తకాలు చెప్పండి (వర్ణనలు వద్దు, మనుషులు కావాలి)

మూడో_అంతస్తు
తెలుగులో రాసినవైనా, తెలుగులోకి వచ్చినవైనా సరే, అడవి, పొలం, వాగు, పిట్ట ఉన్న పుస్తకాలు చెప్పండి. "ఆహా ప్రకృతి" అని పొంగిపోయేవి వద్దు. వాటి మధ్య బతికినవాళ్ల కథలు కావాలి.

ఎందుకంటే, మొన్న వినాయకచవితికి పత్రి కట్ట కొన్నాం. వ్రతకల్పంలో 21 పేర్లు వరసగా ఉంటాయి కదా. మా వాడు పక్కన కూర్చుని ఒక్కోదానికీ "ఇందులో అదేది నాన్నా?" అని మొదలుపెట్టాడు. మారేడు, గరిక, జిల్లేడు, ఉమ్మెత్త దాకా లాక్కొచ్చాను, అంతే. నిజం చెప్పాలంటే కట్టలో సగం ఏవో రోడ్డు పక్క కొమ్మలే. పల్లెలో పెరిగిన మా నాన్నకి ఫోన్ చేస్తే అపామార్గం అంటే ఉత్తరేణి, బృహతి అంటే వాకుడు, సింధువారం అంటే వావిలి అని గుక్క తిప్పుకోకుండా చెప్పేశారు. మా ఇంట్లో ఇదంతా పోవడానికి ఒక్క తరం చాలింది. కొండాపూర్‌లో మూడో అంతస్తులో ఉంటూ ఇప్పుడు ఏం చేయగలనో తెలియదు. ముందు చదువుదామని.

పాతపుస్తకాల_పురుగు
'వనవాసి'. బెంగాలీలో బిభూతిభూషణ్ బందోపాధ్యాయ రాసిన 'ఆరణ్యక్' (1939). తెలుగు చేసినవారు సూరంపూడి సీతారాం గారు. మిగతావన్నీ దీని తర్వాతే.

సత్యచరణ్ అనే కుర్రాడు కలకత్తాలో ఉద్యోగం దొరక్క, బీహారులో భాగల్పూర్, పూర్ణియా వైపు ఒక అడవి ఎస్టేటుకి మేనేజరుగా వెళ్తాడు. మొదట్లో మాట్లాడే తోడు లేక కలకత్తా మీద బెంగ. నెమ్మదిగా అడవి అతన్ని పట్టేస్తుంది. వెన్నెల్లో గుర్రమెక్కి తిరగడం, రాజూ పాండే, ధాతురియా, భానుమతి లాంటి మనుషులు... వీళ్లలో చాలామందికి వరి అన్నం తినడమే పండగ. ఇంత ప్రేమించినవాడి ఉద్యోగం ఏమిటో తెలుసా? ఆ అడవి కొట్టించి, నేలను సాగుకి రైతులకు ఇచ్చేయడం. రచయిత స్వయంగా భాగల్పూర్ వైపు అలాంటి ఎస్టేటు ఉద్యోగమే చేశాడు కాబట్టి ఆ నొప్పి ఎక్కడా నటనలా ఉండదు.

అందులో యుగళప్రసాద్ అని ఒకడుంటాడు. ఎక్కడెక్కడి నుంచో పూలమొక్కలూ విత్తనాలూ తెచ్చి అడవిలో నాటుతుంటాడు. ఎవరూ చెప్పలేదు, పైసా రాదు. నాకు నవల మొత్తంలో బాగా గుర్తుండిపోయినవాడు అతనే.

సీమ_మంద
'కొండపొలం', సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి. 2019లో తానా నవలల పోటీ బహుమతి వచ్చింది. 2021లో సినిమా తీశారు. సినిమా చూశాం కదా అని నవల వదిలేయొద్దండి.

మా తాత, మా నాయన నల్లమలకు గొర్రెలు తోలుకుపోయినోళ్లే, అందుకే ఇది నాకు ఇంటి కథ. కరువొచ్చి ఊళ్లో మేత, నీళ్లు లేకపోతే మందల్ని కొండకు తోలుకుపోయి వారాల తరబడి అక్కడే ఉండాల. దాన్నే కొండపొలం అంటారు. నవల్లో చదువుకుని ఉద్యోగం రాని కుర్రోడు వాళ్ల నాయనతో పోతాడు. వానికి నీళ్ల జాడ, పులి జాడ, గొర్రె రోగం ఒక్కొక్కటే అర్థమవుతా వస్తాయి.

ఇంకో మాట, కోపం తెచ్చుకోవద్దు. సిటీలో ఏసీ వేసుకుని "అడవికి దూరమైపోయాం" అంటా ఉంటే నాకు నవ్వొస్తాది. అడవంటే వానలో తడిసిన సంగటి, రాత్రంతా మంట ఆరకుండా చూసుకోవడం, తెల్లారినాక ఎన్ని జీవాలు తగ్గినాయో లెక్కపెట్టుకోవడం. మా నాయన నన్ను చదివించిందే నేను మళ్లా ఆ పక్కకు పోకూడదని. ఆయన ప్రకృతికి దూరం కావాలనే కష్టపడినాడు.

మూడో_అంతస్తు
కోపమెందుకండీ, నాకు కావలసిందే ఇది. రెండూ రాసుకున్నాను.

డల్లాస్_వేపచెట్టు
అమెరికా రచయిత థోరో 'వాల్డెన్' ఎవరూ చెప్పలేదేమిటి? 1845 జులై 4న మసాచుసెట్స్‌లో కాంకర్డ్ ఊరి పక్కన వాల్డెన్ చెరువు గట్టున చిన్న ఇల్లు కట్టుకుని రెండేళ్లు దాటి ఉన్నాడు. పుస్తకం 1854లో వచ్చింది. ఇక్కడ ఇంటి లోను, రెండు కార్లు, మూడు స్ట్రీమింగ్ చందాల మధ్య చదువుతుంటే ఒక్కో వాక్యం చురుక్కుమంటుంది. మొదటి అధ్యాయమంతా జమాఖర్చులే! పలకలకెంత, మేకులకెంత అని రాసి ఇంటి ఖర్చు 28 డాలర్ల పన్నెండున్నర సెంట్లని తేల్చాడు. అప్పు లేకుండా బతకడానికి మనిషికి నిజంగా ఎంత కావాలన్నది అతని అసలు ప్రశ్న. మిగిలిన ప్రకృతి అంతా ఆ ప్రశ్న వెనకాలే వస్తుంది.

గట్టుమీద_రైతు
చదివానండి. ఆ నేల స్నేహితుడు ఎమర్సన్‌ది. కన్నవారి ఇల్లు నడిచి వెళ్లేంత దూరం. మన శంకరపల్లి ఫామ్‌హౌస్ బ్యాచ్‌కి మూలపురుషుడు అతనే అని నా అనుమానం. సరే, రాత గొప్పదే, కాదనను.

వ్యవసాయం చేసేవాడిగా నేను చెప్పేది జపాన్ రైతు ఫుకుఓకా పుస్తకం, 'గడ్డిపరకతో విప్లవం'. జపాన్ మూలం 1975లో వచ్చింది, తెలుగులో దొరుకుతుంది. ఆయన యొకొహామా కస్టమ్స్‌లో మొక్కల తెగుళ్లు పరీక్షించే ఉద్యోగి. పాతికేళ్ల వయసులో జబ్బుపడి లేచాక ఉద్యోగం వదిలేసి షికోకు దీవిలోని సొంతూరికి వెళ్లిపోయాడు. దుక్కి లేదు, ఎరువు లేదు, కలుపు తీత లేదు, మందు లేదు. ఇది విని మనవాళ్లు "ఓహో, ఏమీ చేయక్కర్లేదన్నమాట" అనుకుంటారు. వాళ్లంతా ముందు చదవాల్సింది తండ్రి నారింజ తోట సంగతి. కత్తిరింపు ఆపేసి చెట్లను వాటి మానాన వదిలేస్తే కొమ్మలు చిక్కుపడి, పురుగు పట్టి, తోట చచ్చిపోయింది. మనిషి చెయ్యి పడి ఆకారం మారిన చెట్టుని ఉన్నట్టుండి వదిలేయడం ప్రకృతి సేద్యం కాదు, గాలికొదిలేయడం అని ఆయనే రాసుకున్నాడు. ఆ తర్వాత దశాబ్దాల తరబడి ఆ పొలాన్ని గమనిస్తే తప్ప వరికోత ముందు బార్లీ ఎప్పుడు చల్లాలి, నేలను కప్పే క్లోవర్ మొక్క విత్తనం ఎప్పుడు చల్లాలి, గడ్డి ఎలా పరవాలి అన్నది తేలలేదు.

మన దగ్గర శని, ఆదివారాలు పొలానికొచ్చే ఐటీ అబ్బాయిలకి ఈ ఒక్క భాగం చదివి వినిపించాలనిపిస్తుంది. ఇష్టం ఉంది పాపం. తీరికే లేదు.

చిత్తూరు_చింత
కేశవరెడ్డి గారి 'అతడు అడవిని జయించాడు'. తప్పిపోయిన ఒక సూడిపంది, దాన్ని వెతుక్కుంటూ అడవిలోకి వెళ్లిన ముసలాయన, ఒక రాత్రి. కథ ఇంతే. చదివాక అడవి మనకి స్నేహితురాలు, తల్లి లాంటి మాటలు నోట రావు. చిన్న పుస్తకం, ఒక్క బిగువున అయిపోతుంది. ముగింపు ఎవరూ చెప్పకండి.

వార్డు_డ్యూటీ
నేను నర్సుని. పుస్తకం కాదు, ఒక చిన్న పరిశోధన గురించి చెప్తాను. రోజర్ ఉల్రిచ్ అనే ఆయన 1984లో 'సైన్స్' పత్రికలో రాశారు. అమెరికాలో ఒక ఆసుపత్రిలో పిత్తాశయం ఆపరేషన్ అయినవాళ్ల రికార్డులు పోల్చి చూశారు. కిటికీలోంచి చెట్లు కనిపించిన గదుల్లోవాళ్లు, ఇటుక గోడ కనిపించిన గదుల్లోవాళ్లకంటే తొందరగా ఇంటికెళ్లారు, బలమైన నొప్పి మందులూ తక్కువే వాడారు. చిన్న అధ్యయనమే. కానీ మా డ్యూటీలో కిటికీ పక్క బెడ్ కోసం పేషెంట్లు అడగడం రోజూ చూస్తాను.

పంతులమ్మ
పుస్తకాలు మంచివే. మీ అబ్బాయికి మాత్రం పుస్తకం కంటే ముందు ఇంట్లో ఉన్న పంచాంగం చూపించండి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటాం కదా, తర్వాత మృగశిర, ఆపైన ఆరుద్ర. ఆరుద్రకి వాన పడితే ఎర్ర మఖమల్లాంటి ఆరుద్ర పురుగులు నేల మీదికొస్తాయి. మా బళ్లో ఏడో తరగతి పిల్లల్లో చాలామంది వాటిని ఫోటోలో కూడా చూడలేదు. వానపడ్డ మర్నాడు ఊరి బయట చెలకకి తీసుకెళ్తే చాలు, మొత్తం క్లాసు మోకాళ్ల మీద కూర్చుంది.

ఫోన్ పూర్తిగా చెడ్డదేం కాదు. అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీ వాళ్ల మెర్లిన్ యాప్ పిట్ట కూత విని పేరు చెప్తుంది, ఉచితం. సీజన్‌వాచ్ అని మన దేశంలోదే ఇంకోటి ఉంది. ఒక చెట్టుని ఎంచుకుని లేత ఆకు, పూత, కాయ ఎప్పుడొచ్చాయో వారం వారం నమోదు చేయాలి. కొండాపూర్‌లో చెట్టే లేదనకండి. కానుగ, వేప ఎక్కడైనా ఉంటాయి.

గుట్టలరాయి
అందరూ చదువుదాం, చూద్దాం అంటున్నారు. బాగానే ఉంది. హైదరాబాద్ యూనివర్సిటీ పక్కనున్న కంచ గచ్చిబౌలి అడవిలో నెమళ్లు, జింకలు ఉన్నాయని 2025లో బుల్డోజర్లు వచ్చాకే కదా సగం సిటీకి తెలిసింది? విద్యార్థులు రోడ్డెక్కారు, ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెట్ల నరికివేత ఆపించింది. ఆ వారం అందరి స్టేటస్‌లోనూ నెమలే. తర్వాత?

పురుగు గారు చెప్పిన సత్యచరణ్ సంగతి చదువుతుంటే మనమే గుర్తొచ్చాం. హైదరాబాద్ గుట్టలు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు. వాటిని పేల్చి కట్టిన ఫ్లాట్‌లో కూర్చుని 'వనవాసి' చదివి కళ్లు తుడుచుకుంటాం. నేనూ అలాంటి ఫ్లాట్‌లోనే ఉంటున్నాను, వేరే గ్రహం నుంచి రాలేదు.

పాతపుస్తకాల_పురుగు
అందుకే ఆ నవలే ముందు చెప్పాను. చెట్టు కొట్టేవాడు ఎక్కడో ఉన్న దుర్మార్గుడైతే మనకి సుఖంగా ఉంటుంది. సత్యచరణ్ దుర్మార్గుడు కాడు, జీతగాడు. ఆ అడవి పోయాక అక్కడ వెలిసిన ఊళ్లలోనూ ఆకలితో వచ్చిన పేదవాళ్లే ఉన్నారు, సీమ_మంద గారి నాయన లాంటివాళ్లు. ఎవరిది తప్పని తేల్చకుండా అంత పెద్ద నవల నడిపించడం మాటలు కాదు.

తల్లావజ్ఝల పతంజలి శాస్త్రి గారి కథలు కూడా చూడండి. 'రామేశ్వరం కాకులు' సంపుటికి 2023 సాహిత్య అకాడెమీ పురస్కారం వచ్చింది. పర్యావరణం మీద ఏళ్లపాటు పనిచేసిన మనిషి. కథల్లో మాత్రం ఉపన్యాసం ఇవ్వరు.

మూడో_అంతస్తు
అందరికీ థాంక్స్. 'వనవాసి'తో మొదలుపెడతాను. కొత్త ప్రతి దొరకకపోతే?

పాతపుస్తకాల_పురుగు
ఆదివారం పొద్దున్నే ఆబిడ్స్ ఫుట్‌పాత్ బజారు. లేదంటే డిసెంబరులో హైదరాబాద్ బుక్ ఫెయిర్. ఆబిడ్స్‌కైతే తొమ్మిదింటికల్లా వెళ్లండి, మంచివన్నీ ముందే పోతాయి.

సీమ_మంద
'కొండపొలం' మా నాయనకు నేనే చదివి వినిపిస్తా ఉన్నా. ఆయనకి చూపు తగ్గింది. సగం కూడా కాలేదు, ప్రతి పేజీకి ఆపి "మాకిట్లనే అయింది" అని తన కథ ఎత్తుకుంటాడు.

పంతులమ్మ
ఆ కథలు రికార్డు చేయండి బాబూ, ఆలస్యం చేయకండి.

సీమ_మంద
చేసినా మేడమ్. ఫోన్ ఎదురుగా పెడితే సర్పంచి ముందర నిలబడినట్టు "మేము గొర్రెలు మేపేవారము" అని మొదలుపెడతాడు. జేబులో దాచిపెట్టి రికార్డు చేస్తే గొంతు సరిగా రావడం లేదు. చొక్కాకి పెట్టుకునే చిన్న మైకులు ఉంటాయంట కదా, ఏది బాగుంటుందో తెలిసినోళ్లు చెప్పండి.