శ్రీలంక క్యాంపు కుటుంబానికి ఇల్లు అద్దెకిచ్చా, స్టేషన్‌లో చెప్పాలా? కెనడా బ్రోకరు మాట నిజమేనా?

ప్రశ్న (నెల్లూరు, వేదాయపాళెం):
అందరికీ నమస్కారం. మా వెనక పోర్షన్ ఒక పెయింటింగ్ మేస్త్రీకి ఇచ్చాను. గుమ్మిడిపూండి నుంచి వచ్చామంటే తమిళోళ్లనుకున్నా. అగ్రిమెంటుకి గుర్తింపు కార్డు అడిగితే తమిళనాడులో శ్రీలంక శరణార్థులు ఉండే క్యాంపు కార్డు తెచ్చాడు. 1990లో శ్రీలంక నుంచి వచ్చిన కుటుంబమంట. మనుషులు మంచోళ్లు, అద్దె ఐదో తేదీ దాటదు. రేపు పోలీసులు నన్నేమైనా అంటారా? వాళ్ల పాపని ఇక్కడ బడిలో చేర్చుకుంటారా? ఇంకోటి, చెన్నై బ్రోకరొకడు ఐక్యరాజ్యసమితి కోటాలో కుటుంబం మొత్తాన్ని కెనడా పంపిస్తానని మూడు లక్షలు అడుగుతున్నాడంట. ఆయన భార్య కమ్మలు కుదువ పెట్టేట్టుంది.

కావలి నుంచి:
ముందు ఆ కమ్మలు ఆపండన్నా. రూపాయి కూడా కట్టనీబాకండి. ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ, అంటే యూఎన్‌హెచ్‌సీఆర్, ఏ పనికీ డబ్బు తీసుకోదు. వేరే దేశంలో పునరావాసం మనం అప్లికేషన్ పెట్టుకుంటే వచ్చేది కాదు. ప్రాణభయం, చిత్రహింసలు, ఒంటరి ఆడవాళ్లు, ఇక్కడ దొరకని వైద్యం లాంటివి చూసి సంస్థే కొందరిని ఎంపిక చేసి ఆయా దేశాలకి సిఫారసు చేస్తుంది. ఆ తర్వాత ఆ దేశం వాళ్లు ఇంటర్వ్యూ చేసి, కాదన్నా అనొచ్చు. ప్రపంచం మొత్తం మీద ఏడాదికి నూటికి ఒక్కరికి కూడా ఈ అవకాశం రావడం లేదు. దానికి తోడు 2025 జనవరిలో అమెరికా తన తలుపు మూసేసింది. కెనడాలో ప్రైవేటు స్పాన్సర్‌షిప్ అని ఒకటి నిజంగానే ఉంది. కానీ దానికి ఖర్చు పెట్టుకోవాల్సింది అక్కడి స్పాన్సర్లు, శరణార్థి దగ్గర వసూలు చేయకూడదు. అందులోనూ అక్కడివాళ్లు ఐదుగురు కలిసి స్పాన్సర్లుగా పెట్టే కొత్త దరఖాస్తులను 2024 నవంబరు చివర్లో ఆపేశారు. ఈ సంగతులు బ్రోకరు చెప్పడు కదా.

ఆ బ్రోకరు పడవలో పంపిస్తానని మాట ఎత్తితే ఇంకా భయపడాలి. 2019 జనవరిలో కేరళ మునంబం నుంచి బయల్దేరిన పడవలో వందమందికి పైగా ఉన్నారు. వాళ్లేమయ్యారో ఇంటివాళ్లకి తెలియదు.

ఒంగోలు అడ్వకేట్:
స్టేషన్ సంగతి నేను చెప్తాను. 1951 శరణార్థుల ఒప్పందం మీద మన దేశం సంతకం చేయలేదు, శరణార్థులకంటూ ప్రత్యేక చట్టం కూడా లేదు. అందుకని చట్టం దృష్టిలో వాళ్లు విదేశీయులే. 2025 సెప్టెంబరు 1 నుంచి కొత్త ఇమిగ్రేషన్, విదేశీయుల చట్టం వచ్చింది. పాస్‌పోర్టు, వీసా లేకుండా దేశంలోకి వస్తే ఐదేళ్ల వరకు జైలు, ఐదు లక్షల వరకు జరిమానా. అయితే 2015 జనవరి 9 లోపు వచ్చి, ఇక్కడ పేరు నమోదు చేయించుకున్న శ్రీలంక తమిళులకి ఈ శిక్షల నుంచి మినహాయింపు ఇచ్చారు. మీ మేస్త్రీ కుటుంబం 1990లో వచ్చింది కాబట్టి తేదీ సరిపోతుంది. 2022 శ్రీలంక ఆర్థిక సంక్షోభంలో పడవలెక్కి వచ్చినవాళ్లకి ఇది వర్తించదు.

విదేశీయులకి బస ఇస్తే 24 గంటల్లో తెలియజేయాలి. ఇది హోటళ్లకే అనుకుంటారు, ఇంటి ఓనర్లకీ ఉంది. ఆలస్యమైందని దాచబాకండి. క్యాంపు కార్డు జెరాక్స్, అగ్రిమెంటు కాపీ తీసుకుని మీ స్టేషన్‌లో రాతపూర్వకంగా ఇచ్చి రసీదు అడగండి. జిల్లాలో విదేశీయుల నమోదు చూసేది ఎస్పీ ఆఫీసు.

అసలు చూసుకోవాల్సింది వేరే ఉంది. క్యాంపు వదిలి ఇన్ని రోజులు బయట ఉండటానికి అక్కడి రెవెన్యూ అధికారుల అనుమతి తీసుకున్నారా? క్యాంపులో చెకింగ్ రోజున లేకపోతే నెలసరి సాయం ఆగిపోతుంది, పేరు తీసేస్తే మినహాయింపే చిక్కులో పడుతుంది. కుటుంబ పెద్దకి నెలకి 1,500 రూపాయలు తమిళనాడు ప్రభుత్వం ఇస్తోంది. ఆ డబ్బు కంటే రిజిస్టర్‌లో పేరు ముఖ్యమని ఆయనకి అర్థమయ్యేట్టు చెప్పండి.

కందుకూరు, రిటైర్డ్ టీచర్:
పాపకి ఆరు నుంచి పద్నాలుగేళ్ల లోపు అయితే చేర్చుకోవాల్సిందే. విద్యాహక్కు చట్టం ప్రతి బిడ్డకీ అంటుంది, పౌరుల పిల్లలకని అనలేదు. టీసీ రావడం ఆలస్యమైందనో, పుట్టిన తేదీ రుజువు లేదనో వెనక్కి పంపకూడదు. హెడ్మాస్టరు నసిగితే ఎంఈఓ దగ్గరికి వెళ్లండి. తెలుగు అక్షరాలు పాపకి మీ ఇంట్లోవాళ్లే నేర్పొచ్చు, సాయంత్రం అరగంట చాలు.

సింగరాయకొండ నుంచి:
ముప్పై ఏళ్లకి పైగా ఇక్కడే ఉన్నారు కదా, పౌరసత్వం ఎందుకివ్వరు? కొత్త చట్టం ఏదో వచ్చిందన్నారే?

ఒంగోలు అడ్వకేట్:
2019 పౌరసత్వ సవరణ చట్టం పాకిస్తాన్, బంగ్లాదేశ్, అఫ్ఘానిస్తాన్ నుంచి వచ్చిన ఆరు మతాలవాళ్లకే. శ్రీలంక అందులో లేదు. నా దృష్టిలో అది పెద్ద లోటే. 1987 జూలై 1కి ముందు ఇక్కడ పుట్టినవాళ్లు మాత్రం పుట్టుకతోనే పౌరులు. మండపం క్యాంపులో 1986లో పుట్టిన ఒకావిడకి పాస్‌పోర్టు ఇమ్మని మద్రాసు హైకోర్టు మదురై బెంచ్ 2022లో చెప్పింది. మీ మేస్త్రీ ఆ తర్వాత వచ్చాడు కాబట్టి ఆ దారి లేదు. ఓటరు కార్డు ఇప్పిస్తామని ఎవరైనా వస్తే దగ్గరికి రానీయొద్దు, అబద్ధపు డిక్లరేషన్ కేసవుతుంది.

ప్రశ్న అడిగినాయన:
అందరికీ థాంక్స్. ఇప్పుడే అడిగితే చెప్పాడు, ఇరవై వేలు ఇప్పటికే ఫోన్‌పేలో పంపాడంట. కంప్లైంట్ ఇస్తే తననే లోపలేస్తారని వణికిపోతున్నాడు.

ఒంగోలు అడ్వకేట్:
ప్రాణానికి, స్వేచ్ఛకి రక్షణ ఇచ్చే ఆర్టికల్ 21 విదేశీయులకీ వర్తిస్తుందని చక్మా శరణార్థుల కేసులో 1996లోనే సుప్రీంకోర్టు చెప్పింది. మోసపోయినవాడు ఫిర్యాదు చేయొచ్చు. ఒంటరిగా పంపబాకండి, వకీలుతో పంపండి. మేస్త్రీ భార్య పేరు మీద జిల్లా న్యాయసేవాధికార సంస్థకి అర్జీ పెడితే ఫీజు లేకుండా వకీలుని ఇస్తారు, ఆడవాళ్లకి ఆదాయ పరిమితి లేదు. ఫోన్ నంబరు 15100. డబ్బు ఫోన్‌పేలో వెళ్లింది కాబట్టి ఈ రోజే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కూడా ఫోన్ చేయించండి. బ్రోకరు వాట్సాప్ మెసేజ్‌లు, వాయిస్‌లు ఏవీ డిలీట్ చేయనీబాకండి, మీ ఫోన్‌కి కూడా ఒక కాపీ పంపించుకోండి.