పంగిడి సున్నపురాయి వయసు ఫొరామ్స్‌తో ఎలా తేలుస్తారు?

బెజవాడ_రాళ్లు:
విజయవాడలో ఎమ్మెస్సీ జియాలజీ చదువుతున్నాను. మన ఇంద్రకీలాద్రి, కొండపల్లి రాళ్లలో శిలాజాల మాటే లేదు, అందుకని రాజమండ్రి దగ్గరి పంగిడి, గౌరీపట్నం క్వారీలకు ఫీల్డ్‌వర్క్‌కి తీసుకెళ్తున్నారు. కిందా పైనా బసాల్ట్ (లావా గట్టిపడ్డ రాయి), మధ్యలో సున్నపురాయి. డైనోసార్లు పోయిన 6.6 కోట్ల ఏళ్ల నాటి హద్దుకి ఆ మధ్య పొర కాస్త పైన ఉందని ఫొరామినిఫెరాని (ఫొరామ్స్, అంటే గుల్ల ఉండే ఏకకణ జీవులు) బట్టే తేల్చారట. కంటికి ఆనని గుల్లలు అంత కచ్చితంగా ఎలా చెప్తాయి? బసాల్ట్‌కి ఆర్గాన్ డేటింగ్ (రాతిలోని ఆర్గాన్ కొలిచి వయసు కట్టడం) చేస్తే సరిపోదా?

గుంటూరు_మైక్రో:
గుల్లలు ఏళ్లు చెప్పవు తమ్ముడూ, వరస చెప్తాయి. క్రెటేషియస్ (డైనోసార్ల ఆఖరి యుగం) చివర్లో గ్లోబోట్రంకానా లాంటి పెద్ద, నగిషీ ఉన్న జాతులు ఉండేవి. హద్దు దగ్గర అవి పోయి, గెంబెలిట్రియా అనే బుల్లి జాతి విపరీతంగా పెరిగిపోతుంది, ఆ తర్వాత పార్వులరుగోగ్లోబిజెరినా యుగుబినా మొదలవుతుంది. హద్దుకీ యుగుబినా మొదలుకీ మధ్య ఉన్నది పీ0 జోన్ (శిలాజాల్ని బట్టి విడదీసిన పొర), యుగుబినా ఉన్నంత మేరా పీ1ఏ. జియాలజిస్ట్ గెర్టా కెల్లర్ బృందం 2008లో రాజమండ్రి క్వారీల్లో చూపించింది ఈ పీ1ఏ జాతుల్నే, అందుకే ఆ పొర హద్దుకి కాస్త పైన అన్నది. పీ0 మొత్తం కొన్ని పదుల వేల ఏళ్లే, బసాల్ట్ డేటింగ్‌లో లక్షల ఏళ్లు అటూఇటూ అవడం మామూలే, అందుకే రెండూ కావాలి. ఒక జాగ్రత్త: హద్దు దాటిన వెంటనే వచ్చే జాతులు చాలా చిన్నవి. 150 మైక్రాన్ల జల్లెడ పడితే అవన్నీ నీళ్లతో పోతాయి, నువ్వేమో పొరలో ఏమీ లేదని రాసేస్తావు. 63 లేదా ఇంకా సన్నది వాడు. రాయి గట్టిగా ఉండి విడిపోకపోతే థిన్ సెక్షనే (మైక్రోస్కోప్ కింద చూసే పల్చటి రాతి ముక్క) గతి.

బెజవాడ_రాళ్లు:
థాంక్సన్నా. మరి హద్దు పైన కూడా క్రెటేషియస్ జాతి కనిపిస్తే?

కేజీ_బావులు:
కింది పొర కోసుకుపోయి ఆ గుల్లలు పైన మళ్లీ పేరుకుని ఉండొచ్చండి. అరిగి, రంగు మారి ఉన్నాయేమో చూడండి. క్వారీ గోడలో ఒక జాతి ఎక్కడ ఆఖరుగా కనిపించిందన్న దానికన్నా, కొత్తది ఎక్కడ మొదలైందన్నదే ఎక్కువ నమ్మాలి. మా కృష్ణా గోదావరి చమురు బావుల్లో మాత్రం లెక్క తిరగబడుతుంది. డ్రిల్లింగ్‌లో పైపొరల ముక్కలు కిందికి రాలి కటింగ్స్‌లో (బావిలోంచి పైకొచ్చే రాతి ముక్కల్లో) కలుస్తాయి కాబట్టి యుగుబినా నిజంగా ఎంత లోతులో మొదలైందో చెప్పలేం. పైనుంచి దిగుతుంటే ఒక జాతి మొదటిసారి ఎక్కడ తగిలిందో, అంటే అది ఆఖరుగా బతికిన పొర ఏదో, అదే పట్టుకుంటాం. క్వారీలో ఆ ఇబ్బంది లేదు గానీ, కింద రాలిపడిన రాయి తీసుకోకండి, గోడలోంచే కొట్టి, ఏ వైపు పైకి ఉందో బాణం గుర్తు పెట్టి, బసాల్ట్ నుంచి ఎంత ఎత్తులో తీశారో అక్కడికక్కడే రాసుకోండి.