అప్‌డేట్: కిడ్నీ ఆపరేషన్ దాకా ఎట్లా ఆగాలి అని అడిగింది నేనే

ఎడమ కిడ్నీలో 3 సెంటీమీటర్ల గడ్డ, క్యాన్సర్ అన్నారు, ఆపరేషన్‌కు ఇంకా ఐదు వారాలుంది, నిద్ర పట్టట్లేదు అని రాశాను కదా. ధైర్యం చెప్పిన అందరికీ దండం. ఆపరేషన్ వచ్చే గురువారం, హైదరాబాద్‌లో.

నా అసలు భయం ఒక్కటే, ఈలోపు గడ్డ పెరిగిపోతుందేమోనని. ఆ భయాన్ని కాగితం మీద రాసి డాక్టర్‌నే అడగమని ఒక అక్క చెప్పింది. అడిగాను. 4 సెంటీమీటర్ల లోపు గడ్డలు చాలావరకు నెమ్మదిగానే పెరుగుతాయని, కొన్ని వారాలు ఆగితే మామూలుగా నష్టం ఉండదని ఆయన చెప్పారు. స్కాన్ కవర్ వెనక పెన్నుతో కిడ్నీ బొమ్మ గీసి, గడ్డ ఉన్న చోట చుట్టూ గీత పెట్టి, "ఇంతవరకే తీసి, మిగతాది ఉంచడానికి చూస్తాం" అన్నారు. ఆ కవర్ ఇప్పటికీ నా దిండు కింద ఉంది.

భయం పూర్తిగా పోయిందని అనను. తెల్లవారుజామున మూడింటికి మెలకువ వస్తూనే ఉంది. కానీ అప్పుడు ఫోన్‌లో వెతకడం మానేశాను, అదే పెద్ద మార్పు. మా ఆవిడ కూడా లేచి కూర్చుంటుంది. ఏమీ మాట్లాడదు, వీపు మీద చెయ్యి వేస్తుంది. తెల్లారాక ఇద్దరం భద్రకాళి చెరువు కట్ట మీద నడుస్తున్నాం.

నిద్రమాత్రలు మాత్రం సొంతంగా వేసుకోకండి, డాక్టర్‌కు చెప్పండి.

బుధవారం పొద్దున కాజీపేటలో రైలెక్కుతాం. మా ఆవిడ బ్యాగు సర్దేసింది.