రాకూన్ సిటీ సీను తిరుపతిలో తీయాలి: జాంబీ మేకప్, నెమెసిస్ వేషం ఎట్లా?

మిల్లు_గేటు (ప్రశ్న):
కాలేజీ ఫెస్టుకి అయిదు నిమిషాల యాక్షన్ సీను తీస్తా ఉండాం. మూలం 2004లో వచ్చిన 'రెసిడెంట్ ఈవిల్: అపోకలిప్స్' సినిమా, అదే పేరున్న వీడియో గేముల నుంచి తీసింది, జాంబీలు నిండిన రాకూన్ సిటీ అనే ఊరి కథ. పన్నెండు మంది జాంబీలు, వాళ్లతో పోరాడే పోలీసమ్మాయి జిల్ వాలెంటైన్, నెమెసిస్ అనే రాక్షసుడు ఒకడు. చంద్రగిరి దావలో మూతబడిన రైసుమిల్లు దొరికింది. ఏప్రిల్ చివర్లో రెండు రాత్రుల షూటింగు. మేకప్ సామాన్లకు 6,000 రూపాయలు ఉండాయి. ట్రయల్లో రెండు చెడిపోయినాయి: జెలటిన్‌తో చేసిన గాయాలు అరగంటకే జారిపోయినాయి, రక్తం కెమెరాలో రోజ్‌మిల్క్ రంగులో పడింది. ఇంకోటి, నెమెసిస్‌ని గేములో మాదిరి చెయ్యాలా, సినిమాలో మాదిరా?

పటిక_పౌడరు:
జెలటిన్ వదిలెయ్ తమ్ముడూ. ఒంటి వేడికి దగ్గర్లోనే అది మెత్తబడుతుంది, పైన మన ఏప్రిల్ చెమట. చలిదేశాల వీడియోల్లో నిలిచేది ఇక్కడ నిలవదు. పైగా అది జంతువుల నుంచి తీసేది, నోటి దగ్గర పెట్టుకోమంటే కొందరు ఒప్పుకోరు, ముందే అడగాల. దాని బదులు చైనాగ్రాస్ అనుకుంటారు గానీ పని జరగదు. ఒంటి వేడికి కరగదు, నిజమే, కానీ సాగదు. దవడ కదిలితే పగిలిపోతుంది.

లిక్విడ్ లేటెక్స్ (ద్రవంగా ఉండే రబ్బరు), మామూలు టిష్యూ పేపరు చాలు. ముఖం సబ్బుతో కడిగి, ఐసు రుద్ది, మంగలి షాపులో వాడే పటిక నీళ్లలో తడిపి రాయాల. చెమట కాసేపు ఆగుతుంది. కనుబొమలకు, మీసానికి వ్యాజిలీన్ మందంగా పట్టించాల, లేకుంటే తీసేటప్పుడు వెంట్రుకలు దాంతోనే వస్తాయి. టిష్యూలో ఒక్క పొర విడదీసి చేత్తో చించు, కత్తెర వద్దు. కత్తిరించిన అంచు గీత మాదిరి కనబడుతుంది. లేటెక్స్ పూసి, టిష్యూ పరిచి, మళ్లీ లేటెక్స్. ఇట్లా మూడు పొరలు, ఒక్కోటి ముందుదానికంటే చిన్నది. అట్లయితేనే అంచులు పలచబడి చర్మంలో కలిసిపోతాయి. ప్రతి పొరా తెల్లదనం పోయి పారదర్శకంగా ఆరేదాకా ఆగాల, డ్రయ్యరు చల్లగాలిలో పెట్టాల. తొందరపడితే లోపల తడి మిగిలి, గంటకే బుడగ లేస్తుంది. ఆరినాక పౌడరు చల్లకుంటే దానికదే అంటుకుంటుంది. మధ్యలో గిల్లి చింపితే గాయం నోరు తెరుచుకుంటుంది.

పన్నెండు మందికీ ఇదంతా చెయ్యొద్దు. కెమెరాకు దగ్గరగా వచ్చే నలుగురికి చాలు, 250 మిల్లీ సీసా ఒకటి సరిపోతుంది. మిగతా ఎనిమిది మందికి రంగు, కళ్లకింద నలుపు, చినిగిన చొక్కా.

రంగు గురించి ఒక మాట. తెల్ల పాన్‌కేక్ మేకప్ పూయొద్దు. మన చామనఛాయ మీద అది విబూది పూసినట్టు కనబడుతుంది. పసుపు కలిసిన ఆకుపచ్చ, బూడిదరంగు పలచగా కలిపి, గరుకు స్పాంజితో అద్దాల. మధ్యమధ్యలో సొంత చర్మం తెలియాల.

రెండో_రీలు:
రక్తం గులాబీ రంగులో పడిందంటే దానికి చిక్కదనం లేదని. ఫుడ్ కలరు పారదర్శకం, వెలుగు దాన్ని దాటిపోతుంది. బేకరీ సామాన్ల షాపులో లిక్విడ్ గ్లూకోజ్ అడుగు. 200 గ్రాములకు 50 మిల్లీ గోరువెచ్చని నీళ్లు, అరచెంచా ఎర్ర జెల్ కలరు, ఒక చెంచా కోకో పొడి, అగ్గిపుల్ల కొనతో నీలం. కోకోని ముందు కొంచెం నీళ్లలో చిదిమి కలపాల, నేరుగా వేస్తే ఉండలు కడుతుంది. పంచదార పాకంతో సర్దుకోవద్దు, ఆరితే పలుకులు కడుతుంది.

ఇది నోటికి, ముఖానికే. బట్టలకు తీపి రక్తం పోస్తే మిల్లులో చీమలు వదలవు. బట్టలకు గంజి చెయ్. అరలీటరు నీళ్లలో రెండు పెద్ద చెంచాల కార్న్‌ఫ్లోర్ ఉడికించి, చల్లారినాక రంగు, కాఫీ డికాక్షన్ కలుపు. ఏ రోజుది ఆ రోజే, పులిసిపోతుంది.

ఎవరో ఒకరు దిష్టి నీళ్లు వాడుదాం అంటారు, పసుపూ సున్నమూ కలిపిన ఎర్రనీళ్లు. వద్దే వద్దు. సున్నం కంట్లో పడితే కన్నుకే ప్రమాదం.

స్టార్స్_బ్యాడ్జి:
నెమెసిస్ సంగతి. 1999లో వచ్చిన మూడో గేములో వాడు పరిగెత్తతాడు, టెంటకిల్స్‌తో (ఒంట్లోంచి సాగే తీగల్లాంటివి) పట్టుకుంటాడు. 2020 రీమేకులో ఇంకా వేగం. సినిమాలో వాడు బరువుగా నడిచొచ్చే మనిషి, ఒక చేత రాకెట్ లాంచరు, ఒక చేత మినీగన్ అనే పెద్ద తుపాకి. మొదటి సినిమాలో చివర ఎత్తుకుపోయిన మ్యాట్ అనే పాత్రనే అట్లా మార్చినట్టు కథ. అందుకే చివరి ఫైటులో వాడిలో మనిషి మిగిలి ఉండాడని తెలుస్తుంది. మీరు సినిమా నెమెసిస్‌నే పట్టుకోండి. టెంటకిల్స్ గ్రాఫిక్స్ మీకు కుదరవు, పైగా నల్ల కోటేసి పరిగెత్తిస్తే మీ వాడు వడదెబ్బకు పడిపోతాడు. ప్రతి ఇరవై నిమిషాలకు కోటు విప్పి, మజ్జిగ ఇవ్వాల.

నెమెసిస్ తలను నటుడి ముఖం మీద నేరుగా కట్టొద్దు. పాత హెల్మెట్ లోపలి కుషన్ అట్లే ఉంచి, బయట యోగా మ్యాట్ ముక్కలు, దూది, లేటెక్స్‌తో పైకి పెంచండి. ఒక కన్ను పూర్తిగా మూసి కుట్లు, పెదాలు లేని నోరు, బయటికొచ్చిన పళ్లు. ఈ మూడూ కుదిరితే గేము ఆడినవాళ్లు వెంటనే గుర్తుపడతారు. పళ్లు ఎమ్‌సీల్‌తో (పైపుల లీకులకు వాడే ముద్ద) విడిగా చేసి, పూర్తిగా గట్టిపడినాక అతికించాల. గట్టిపడేటప్పుడు వేడెక్కుతుంది, అందుకే చర్మం మీద ఎప్పుడూ పెట్టొద్దు. లాంచరుకు నాలుగంగుళాల పీవీసీ పైపు నాలుగడుగులు. నున్నటి పైపుకు పెయింటు పట్టదు, ముందు ఉప్పుకాగితం రుద్దాల. ఎత్తు కోసం కెమెరాను మోకాలి కిందకు దించండి, బూట్లకు దిమ్మెలు వద్దు. మిల్లు నేల మీద కాలు మడతపడుతుంది.

రెండో_రీలు:
మిల్లులో పాత ట్యూబులైట్లుంటే కెమెరా షట్టరు స్పీడు 1/50 గానీ 1/100 గానీ పెట్టండి, మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి. వేరే పెడితే చారలు పడతాయి. పోలీసు స్టేషన్‌లో ముందుగా రాతపూర్వకంగా చెప్పండి, బొమ్మ తుపాకుల ఫోటోలు జతచేసి. రక్తం మేకప్‌తో అలిపిరి వైపు గానీ, కొండకు నడిచేవాళ్ల దావలో గానీ పోవద్దు. దేవుడి కోసం వచ్చినవాళ్లకు ఆ దృశ్యం ఎందుకు? మేకప్ మిల్లులోనే వేసి మిల్లులోనే తీసెయ్యండి. చంద్రగిరి కోట అనుకుంటే పురావస్తు శాఖ అనుమతి లేకుండా కుదరదు.

మిల్లు_గేటు:
అన్నా, జిల్ వేసే అమ్మాయికి రబ్బరు గ్లౌజులు పడవంట. లేటెక్స్ వాడొచ్చా?

పటిక_పౌడరు:
ఆ పాపకు వద్దే వద్దు. పక్కవాళ్లకు పూసిన చేతులతో కూడా ముట్టుకోవద్దు, ఆమె మేకప్‌కు బ్రష్‌లు, స్పాంజీలు వేరే పెట్టు. జిల్‌కి గాయాలు అక్కర్లేదు, దుమ్ము, చెమట, ఒక గీత రక్తం చాలు. మిగతా వాళ్లందరికీ ముందురోజే మోచేతి మడతలో చుక్క పూసి, దురదా దద్దుర్లా వస్తాయేమో చూడు. తీసేటప్పుడు లాగొద్దు. అంచుల కింద కొబ్బరినూనె పోసి అయిదు నిమిషాలు ఆగితే అదే ఊడి వస్తుంది.