అందరికీ కనీస ఆదాయం ఇవ్వాలంటే ప్రభుత్వానికి డబ్బు ఎక్కడి నుంచి రావాలి?

ప్రశ్న (చీమకుర్తి దగ్గరి పల్లె నుంచి):
మా ఇంటి ముందు నుంచి రోజూ గ్యాలక్సీ గ్రానైట్ దిమ్మెలు, ఎర్ర రంగుతో నంబర్లు వేసుకుని, లారీలపై పోతుంటాయి. మాది కౌలు సేద్యం. భూమి మా పేరున లేనందువల్ల పీఎం కిసాన్ కింద ఏడాదికి ఇచ్చే 6,000 రూపాయలు మాకు రావు. అందుకే పట్టాతో, కార్డుతో పనిలేకుండా ప్రతి మనిషికీ కొంత సొమ్ము ఇవ్వాలన్న ఆలోచన నాకు న్యాయంగా తోస్తుంది. అయితే అంత డబ్బు ఎలా సమకూరుతుంది? గనుల రాబడి సరిపోతుందా?

జవాబు (ఒంగోలు నుంచి):
నేను కామర్సు పాఠాలు చెబుతాను కనుక ముందు లెక్క చూద్దాం. 140 కోట్ల మందికి తలా నెలకు 1,000 రూపాయలు ఇస్తే ఏడాదికి 16.8 లక్షల కోట్లు అవుతుంది. 2025-26 కేంద్ర బడ్జెట్ మొత్తం 50.65 లక్షల కోట్లు, అంటే అందులో మూడో వంతు దీనికే పోతుంది. 2016-17 ఆర్థిక సర్వే జనాభాలో 75 శాతం మందికి ఏడాదికి 7,620 రూపాయల చొప్పున ఇస్తే జీడీపీలో 4.9 శాతం ఖర్చవుతుందని అంచనా వేసి, ఉన్న పథకాలను తగ్గించి ఆ సొమ్మును మళ్లించే మార్గాన్ని చర్చించింది. నాకు ఆ మార్గం మీద నమ్మకం లేదు. ఇరాన్ 2010లో ఇంధన రాయితీలు తగ్గించి నెలకు తలా 4,55,000 రియాళ్లు పంచింది. ధరలు పెరుగుతూ పోయాయి కానీ ఆ మొత్తం ఏళ్ల తరబడి పెరగకపోవడంతో దాని విలువ కరిగిపోయింది. మన దగ్గర ఎస్టేట్ డ్యూటీని, అంటే చనిపోయినవారి ఆస్తిపై వేసే పన్నును, 1985లో, సంపద పన్నును 2015 బడ్జెట్‌లో రద్దు చేశారు. వాటిని, ముఖ్యంగా రహదారి పడగానే యజమాని చెమటోడ్చకుండానే పెరిగే భూమి విలువపై పన్నును, తిరిగి ఆలోచించకుండా ఈ ఖర్చు మోయడం కుదరదని నా అభిప్రాయం.

జవాబు (కోవూరు నుంచి):
ఏ మార్గమైనా సరే, రేషన్ బియ్యాన్ని మాత్రం తాకకూడదు. బియ్యం ధర పెరిగినా కార్డు మీద వచ్చే కిలోలు తగ్గవు, డబ్బుకు ఆ హామీ లేదు.

జవాబు (నెల్లూరు నుంచి):
గనుల గురించి అడిగారు కాబట్టి అమెరికాలోని అలాస్కా రాష్ట్రం సంగతి చెప్పాలి. అక్కడ 1976లో రాజ్యాంగాన్ని సవరించి, ఖనిజ రాయల్టీలో (తవ్వకందార్లు ప్రభుత్వానికి కట్టే సొమ్ములో) కనీసం 25 శాతం ఒక శాశ్వత నిధికి చేరేలా చేశారు. ఆ నిధి ఆదాయం నుంచి 1982 నుంచీ నివాసులకు ఏటా వాటా పంచుతున్నారు. అది 2020లో 992 డాలర్లు, 2022లో 3,284 డాలర్లు, కనుక దాన్ని నమ్ముకుని నెలనెలా ఇల్లు నడపడం కష్టం. అయినా సూత్రం మంచిది, ఎందుకంటే తవ్విన రాయి మళ్లీ మొలవదు, దాని సొమ్ము మాత్రం మిగలాలి. గోవా ఇనుప ఖనిజం కేసులో సుప్రీంకోర్టు 2014లో అలాంటి శాశ్వత నిధినే ఏర్పాటు చేయమంది. చీమకుర్తి రాయితో దేశమంతటికీ పంచలేము గానీ, ఆ మండలంలో చిన్నగా మొదలుపెట్టవచ్చు.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. గనుల ప్రభావిత ప్రాంతాల కోసం 2015 చట్ట సవరణతో వచ్చిన జిల్లా ఖనిజ నిధిలో మా మండలం నుంచి ఎంత జమ అయిందో, దేనికి ఖర్చయిందో సమాచార హక్కు కింద అడుగుతూ సోమవారం దరఖాస్తు పెడుతున్నాను. జవాబు రాగానే ఆ అంకెలు ఇక్కడే రాస్తాను.