57 ఏళ్లకే వీఆర్ఎస్ (మనంతట మనమే ముందుగా రిటైరవడం) పెట్టొచ్చా? రైల్వే పెన్షన్ సంగతి తెలిసినవాళ్లు చెప్పండి

రాయగడ లోకో:
గూడ్స్ లోకో పైలట్‌ని. వయసు 57, సర్వీసు 31 ఏళ్లు దాటింది, పాత పెన్షనే. కోరాపుట్ ఘాటు మీద రాత్రి డ్యూటీలు ఇప్పుడు ఒంటికి పడటం లేదు. ఒకసారి బండెక్కితే మళ్లీ ఇంటి అన్నం ఎప్పుడో చెప్పలేను. నడుం పట్టేస్తోంది. 20 ఏళ్ల సర్వీసు నిండితే మూడు నెలల నోటీసుతో వీఆర్ఎస్ పెట్టొచ్చు కదా. 60 దాకా ఆగాలా, ఇప్పుడే దిగిపోవాలా? కమ్యుటేషన్ (నెల పెన్షన్‌లో కొంత వదులుకుని ఆ డబ్బు ముందే ఒకేసారి తీసుకోవడం) ఎంత పెట్టుకోవాలో కూడా చెప్పండి.

పర్లాకిమిడి మాస్టారు:
ఆగు బాబూ. నేను ఒడిశా ప్రభుత్వ బడిలో చేసి 60కి దిగాను. మా తోడల్లుడు పక్కనే పాతపట్నంలో ఆంధ్రా టీచరు. అక్కడ 2022 జనవరి నుంచి 62. ఆటో ఎక్కితే వాళ్ల ఊరు. అతను ఇంకా బడికి వెళ్తున్నాడు, నేను మధ్యాహ్నం ఏం చెయ్యాలో తోచక అరుగు మీద కూర్చుంటున్నాను. ఉన్న సర్వీసు వదులుకోవడమంటే లక్ష్మిని కాలదన్నుకోవడమే. నీకు మూడు ఇంక్రిమెంట్లు పోతాయి. దిగేటప్పుడు ఒకేసారి ఇచ్చే గ్రాట్యుటీ నిండుగా రావాలంటే 33 ఏళ్లుండాలి, అదీ పోతుంది. ఇక కమ్యుటేషన్ జోలికి అసలు వెళ్లకు.

బరంపురం ఫిట్టర్:
నేను ప్రైవేటు ఫ్యాక్టరీలో 58కి బయటికొచ్చాను. పీఎఫ్ వాళ్లిచ్చే ఈపీఎస్ పెన్షన్ నాలుగు వేలు కూడా లేదు. దానికి డీఏ ఉండదు, ధరలు ఎంత పెరిగినా అదే అంకె. లోకో తమ్ముడికేం, జీతంలో సగం పెన్షన్. బండి నడిపే రన్నింగ్ స్టాఫ్ కాబట్టి బేసిక్‌కి 55 శాతం కలిపి మరీ లెక్క కడతారు. కాళ్లూ చేతులూ ఆడుతున్నప్పుడే దిగిపో తమ్ముడూ. కమ్యుటేషన్ 40 శాతం పూర్తిగా పెట్టు. చేతిలో పడ్డదే మనది.

పర్లాకిమిడి మాస్టారు:
లెక్క చూడండి ఫిట్టర్ గారూ. పెన్షన్ 30,000 అనుకుందాం. 40 శాతం అంటే నెలకి 12,000 వదులుకోవాలి. 60 నిండి దిగిన కేంద్ర ఉద్యోగికి, వయసుని బట్టి పెట్టే గుణకం 8.194. 12,000ని 12తో, ఆపైన 8.194తో గుణిస్తే వచ్చేది 11,79,936. కోసేదో? నెలకి 12,000 చొప్పున 15 ఏళ్లు, 21,60,000. ఇది తెలిసి ఎవరైనా సంతకం పెడతారా?

జయపురం వాసి:
డీఆర్ (ధరలు పెరిగితే పెన్షన్‌కి కలిపేది) మాత్రం పూర్తి పెన్షన్ మీదే ఇస్తారు మాస్టారూ. మధ్యలో మనిషి పోతే ఫ్యామిలీ పెన్షన్‌లో కోత ఉండదు. అదీ లెక్కలో వెయ్యాలి.

బరంపురం ఫిట్టర్:
అదీ మాట. ఆ 11.8 లక్షలు సీనియర్ సిటిజన్ స్కీములో పెడితే 8.2 శాతం. నెలకి ఎనిమిది వేల లెక్కన వస్తాయి, అసలు అలాగే ఉంటుంది.

పర్లాకిమిడి మాస్టారు:
ఉంటే కదా! అసలు ఉండనిస్తే కదా!

గుణుపురం అమ్మ:
పొద్దున్నుంచి చూస్తున్నాను, ఆ 40 శాతం దగ్గరే తిరుగుతున్నారు. రాత్రి డ్యూటీలు పడటం లేదని ఆయన మొదటే రాశారు. దాని గురించి ఒక్కరైనా మాట్లాడారా? సెలవు వాడితే ఎన్‌క్యాష్‌మెంట్ (వాడని సెలవుకి చివర్లో వచ్చే డబ్బు) తగ్గుతుందని మా ఆయన జ్వరంతో కూడా ఆఫీసుకి వెళ్లేవారు. రిటైరయ్యాక కాశీ వెళ్దామనేవారు. 59లో ఆఫీసు కుర్చీలోనే గుండెపోటు. 300 రోజుల సెలవు జీతం నా అకౌంట్లో పడింది. ఆ మెసేజ్ నేను ఇప్పటికీ తీసెయ్యలేదు.

పర్లాకిమిడి మాస్టారు:
అమ్మా, అందరికీ అలా జరగదు. ఒక ఇంట్లో జరిగింది చూపించి నిలబడ్డ ఉద్యోగాన్ని మానెయ్యమంటే ఎలా?

బరంపురం ఫిట్టర్:
ఆవిడతో మాట్లాడే పద్ధతేనా మాస్టారూ ఇది? అసలు కమ్యుటేషన్ అంటే మీకెందుకంత మంట?

పర్లాకిమిడి మాస్టారు:
అమ్మ బాధపడి ఉంటే నా ఉద్దేశం అది కాదు. అడిగారు కాబట్టి చెబుతున్నాను. నాకు వచ్చిన కమ్యుటేషన్, గ్రాట్యుటీ రెండూ మా అబ్బాయి విశాఖలో ఫ్లాటుకి కట్టాడు. గృహప్రవేశానికి పీటల మీద మేమిద్దరమే కూర్చున్నాం. ఇప్పుడు వెళ్తే మా పడక హాల్లో దివాన్ మీద. బీపీ మాత్రలు అయిపోతే కోడలి ముందు నోరు తెరిచి అడగాలి. నెల నెలా నా పెన్షన్లో కోత మాత్రం పడుతూనే ఉంది. నెల తిరిగేసరికి నీ పేరు మీద పడే డబ్బు ఎవరికీ రాసివ్వొద్దనే ఇంతసేపూ మొత్తుకుంటున్నాను.

రాయగడ లోకో:
మాస్టారూ, ఇక దాపరికం ఎందుకు. నడుం నొప్పి నిజమే. కానీ మా అబ్బాయి హైదరాబాదులో ఫ్లాట్ చూశాడు, డౌన్ పేమెంట్‌కి టైముంది గానీ ఎక్కువ లేదు. వీఆర్ఎస్ పెడితే అంతా ఒకేసారి చేతికొస్తుందని వాడే అన్నాడు. అప్పట్నుంచీ నిద్ర పట్టడం లేదు. డ్యూటీలో ఉన్నా అదే టెన్షన్.

బరంపురం ఫిట్టర్:
ఇందులో తప్పేముంది? నా పీఎఫ్ మొత్తం కొడుక్కిచ్చాను. లేత్ మిషన్ కొని షాపు పెట్టాడు. పొద్దున్నే నేనే తాళం తీస్తాను, పనివాళ్లకి పని చూపిస్తాను. నాలుగు వేల పెన్షన్‌తో నా ఇల్లు నడుస్తుందా? నడుపుతున్నది వాడే. పిల్లలకి కాకపోతే ఎవరికోసం సంపాదించాం?

గుణుపురం అమ్మ:
మీ అబ్బాయి మంచివాడు, సంతోషం. అందరి ఇళ్లూ అలా ఉండవు. లోకో గారూ, ఒంట్లో బాగోకపోతే రేపే దిగిపోండి, నేను వద్దనను. ఫ్లాట్ కోసం మాత్రం దిగొద్దు. ఉద్యోగం చేస్తున్న కుర్రాడికి బ్యాంకు లోన్ ఇస్తుంది, మీకు ఈ వయసులో ఎవరిస్తారు? ఇంతకీ మీ ఆవిడ ఏమంటున్నారు? ఆవిడ మాట ఒక్కటీ రాయలేదే.

రాయగడ లోకో:
క్వార్టర్ ఖాళీ చేశాక ఎక్కడుంటామని అడుగుతోంది. మామూలు అద్దె మీద నాలుగు నెలలే ఉండనిస్తారు. ఆవిడకి రాయగడ వదలాలని లేదు. చుట్టాలంతా ఇక్కడే, శుక్రవారం మజ్జిగౌరమ్మ గుడికి వెళ్లకపోతే ఉండలేదు. హైదరాబాదులో ఆ పదో అంతస్తులో ఏం చేస్తాననింది. నేనింకా ఏమీ చెప్పలేదు.

పర్లాకిమిడి మాస్టారు:
అయితే ముందు రాయగడలోనే చిన్న ఇల్లు చూసుకో. అది తేలేదాకా నోటీసు ఇవ్వకు. ఇచ్చాక వెనక్కి తీసుకోవాలంటే పైవాళ్లు ఒప్పుకోవాలి. కమ్యుటేషన్ తప్పదనుకుంటే 40 అని రాయకు. అది పైహద్దు మాత్రమే, పది శాతమైనా రాయొచ్చు.

బరంపురం ఫిట్టర్:
ఇల్లు చూసుకోమన్నది బాగుంది. కొడుకు నోరు తెరిచి అడిగితే లేదనమనడం మాత్రం నేను ఒప్పుకోను మాస్టారూ.

పర్లాకిమిడి మాస్టారు:
ఒప్పుకోకండి. నేనూ మాట మార్చను.