రీడింగ్ రూమ్ చర్చలో గల్ఫ్ వీసాల సంగతి అడగొచ్చా?

పర్లాకిమిడి నుంచి:
వచ్చే నెల మా వీధి రీడింగ్ రూమ్‌లో మూడు ఆదివారాలు విదేశీ వ్యవహారాల మీద చర్చ. భద్రతా మండలి, ఉక్రెయిన్ యుద్ధం, చైనా సరిహద్దు అని కాగితం అంటించారు. గల్ఫ్ మాటే లేదు.

మా తమ్ముడు పది తప్పాడు, వెల్డింగ్ పని వచ్చు. ఒక ఏజెంటు తొంభై వేలు తీసుకుని మస్కట్ పంపాడు. పలాస స్టేషన్లో రైలు వచ్చే ముందు చేతిలో కవరు పెట్టాడట. అగ్రిమెంటు అరబ్బీలో ఉంది, సంతకం చేయాల్సిన చోట పెన్సిల్‌తో ఇంటూ గుర్తు. బ్యాగు ఒళ్ళో పెట్టుకుని అక్కడే సంతకం చేసేశాడు. తీరా చూస్తే విజిట్ వీసా. ఏడు నెలల తర్వాత అమ్మ గాజులు తాకట్టు పెట్టి వాణ్ణి వెనక్కి తెచ్చుకున్నాం. ఇది అడిగితే మీ ఇంటి గొడవ అంటారేమో. ఏమని అడగాలి?

గుణుపురం మాస్టారు:
బాబూ, ఇది అచ్చంగా విదేశాంగ విషయమే. పది పాసవనివాళ్ళకి ఈసీఆర్ పాస్‌పోర్టు, అంటే కొన్ని దేశాలకి పనికి వెళ్ళే ముందు ప్రభుత్వ తనిఖీ కావాలని రాసుండేది, ఇస్తారు. దాంతో ఒమన్, సౌదీ లాంటి దేశాలకి పనికి వెళ్ళాలంటే 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద ప్రొటెక్టర్, అంటే వలస వెళ్ళేవాళ్ళ రక్షణ చూసే కేంద్ర ప్రభుత్వ అధికారి, అనుమతి కావాలి. విజిట్ వీసాకి అక్కర్లేదు. ఏజెంట్లు దూరే సందు అదే. లైసెన్సున్న ఏజెంటైనా 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ, అంతకు మించి తీసుకోకూడదు. ఆ చట్టం బదులు కొత్తది తెస్తామని 2025 అక్టోబరులో విదేశాంగ శాఖ ముసాయిదా బిల్లు పెట్టి జనం అభిప్రాయం అడిగింది. అందులో ఈ సందు మూశారా లేదా అని అడుగు.

బరంపురం నుంచి:
తమ్ముడూ, మా ఆయన కువైట్ వెళ్ళేటప్పుడు అన్నీ పద్ధతిగా చేయించాం. ప్రవాసీ భారతీయ బీమా 10 లక్షలకి, రెండేళ్ళ ప్రీమియం 275 రూపాయలే. మీవాడికి అదీ లేకుండా చేశారు, పాపం. మాట్లాడేది ఒడియాలో కూడా చెప్పించు. ఒడియా కుర్రాళ్ళూ ఇలాంటి ఏజెంట్ల చేతిలోనే పడుతున్నారు.

రాయగడ నుంచి:
ఉక్రెయిన్ ఆదివారమే అడుగు, అన్నా. హెల్పర్ పని అని చెప్పి మన దేశం కుర్రాళ్ళని రష్యా సైన్యంలో చేర్చింది కూడా ఏజెంట్లే. 2024 మార్చిలో సీబీఐ కేసు పెట్టింది. జులైలో మాస్కో వెళ్ళినప్పుడు ప్రధాని మోదీ పుతిన్ దగ్గర ఈ మాట ఎత్తారు. మస్కట్ కుర్రాళ్ళ కోసం కూడా ఎవరో ఒకరు ఎత్తాలి కదా.

పర్లాకిమిడి నుంచి:
మాస్టారూ, అక్కా, తమ్ముడూ, ధైర్యం వచ్చింది. నువ్వే మాట్లాడరా అంటే మావాడు తల దించుకున్నాడు. రాత్రి మాత్రం బీరువాలోంచి ఆ అరబ్బీ కాగితం తీసి నా ముందు పెట్టాడు. పెన్సిల్ గుర్తు ఇంకా చెరగలేదు. ఉక్రెయిన్ చర్చ రెండో ఆదివారం. ఈలోగా జిరాక్సులు తీయిస్తాను.